దస్తూరి కింద నా పేరు

రోడ్డు వెడల్పు చేస్తున్నారని వనపర్తిలో మా నాయిన దుకాణం గోడ మీద ఎర్రరంగుతో గీత గీసిపోయారు. ఆ గీత సరిగ్గా దుకాణం నడుము మీద పడింది. సగం దుకాణం పెట్టుకుని ఎవరేం చేస్తారు? మొత్తం ఖాళీ చేయాలని కబురొస్తే నాగర్‌కర్నూలు నుంచి పొద్దున బస్సుకే బయలుదేరాను. తాళం తుప్పు పట్టి మొండికేసింది. పక్కనున్న సైకిళ్ల కొట్టాయన సుత్తితో రెండు పెడితే ఊడి కింద పడింది. తలుపు తీశానో లేదో అవిసె నూనె వాసన గుప్పుమని ముఖానికి తగిలింది. ఆ గదిలో అవిసె నూనె కాచి యాభై ఏళ్లు దాటింది. నాయిన పోయి ఇరవై ఏళ్లయింది. ఇంకా ఏం మిగిలిందని ఈ వాసన అని నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపమే వస్తుంది. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు ఇంగ్లిషు చెప్పినదాన్ని, అలవాటైపోయింది.

నాయిన పేరు వడ్ల మోనయ్య. మా వాళ్లంతా నాగళ్లు, బండ్లు, దర్వాజలు చేసేవాళ్లే. మా తాత ఒక్కడు సంస్థానం రోజుల్లో వేటకు పోయే దొరల బందూకులకు చెక్కపని చేయడం నేర్చుకుని, ఆ పని నాయినకు అప్పజెప్పి పోయాడు. బందూకులో భుజానికి ఆనించుకునే చెక్క ఉంటుంది కదా, దాన్ని కుందా అంటారు. కుందా విరిగినా, చెదలు తిన్నా, మనిషి భుజానికి పొసగకపోయినా పాలమూరు జిల్లాలో అందరూ మా దుకాణానికే రావాలి. దుకాణం వెనకే మా కాపురం. నాయిన పొద్దున లేవగానే ముఖం కడుక్కుని, చిన్న ఇత్తడి గిన్నెలో అవిసె నూనె పోసి పొయ్యి మీద పెట్టేవాడు. అమ్మ చాయ్ పెట్టుకోవడానికి ఆ పొయ్యి ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తూ సణిగేది. "మీ నాయినకు నూనె ముందు, పెండ్లాం పిల్లలు తర్వాత" అనేది. గోరువెచ్చని నూనె అరచేతిలో వేసుకుని నాయిన కుందాను రుద్దుతూ కూర్చునేవాడు. గుడ్డ వాడేవాడు కాదు. "గుడ్డకేం తెల్సు బిడ్డా, చెక్క తాగిందో లేదో చెయ్యికే తెలుస్తది" అనేవాడు. ఆ చేతులతోనే అన్నం కలిపి ముద్ద పెడితే ముద్దకూ ఆ వాసనే. నేను ముక్కు మూసుకుని తినేదాన్ని. ఇప్పుడు ఆ ముద్ద కోసం ఏమివ్వమన్నా ఇస్తాను, అడిగేవాళ్లు లేరు.

బందూకుల్లో నాయిన రెండే జాతులు ఒప్పుకునేవాడు. నడుము దగ్గర విరిచి తూటా పెట్టేది మడత బందూకు. తలుపు గొళ్లెం తీసినట్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వాల్చేది గొళ్లెం బందూకు. మడత బందూకు మీద ఆయనకు చిన్నచూపు. గొళ్లెం బందూకు వస్తే మాత్రం అమ్మను పిలిచి మరీ చూపించేవాడు. ఆమె పిండి చేతులతో వచ్చి, "ఆఁ, చూసిన" అని వెళ్లిపోయేది. పుస్తకాల్లో వాటిని బోల్టు యాక్షన్ రైఫిళ్లు అంటారనీ, సిపాయిల కోసం చేసినవి వేరు, వేట కోసం చేసినవి వేరు అనీ, ఒకే కంపెనీ ఒకే ఏడాది పది రకాలు చేసేదనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నాయినకు మాత్రం చేత్తో పట్టుకుంటే ఏది ఏ రకమో తెలిసిపోయేది. పిడి చెంచాలాగా చదునుగా ఉందా, గుండుతో ఉందా, వేలితో నొక్కి పేల్చే మీట ఒకటా రెండా, చెక్క గొట్టం చివరిదాకా పోయిందా, సగంలో ఆగిందా, అన్నీ తడిమి చెప్పేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. నా రాత ముత్యాల్లాగా ఉండేది. ఇది నేను చెప్పుకోవడం కాదు, మా వాడలో అందరూ అన్న మాట. మా వీధిలో చదువొచ్చిన ఆడపిల్ల నేనొక్కదాన్నే కాబట్టి ఉత్తరాలూ దరఖాస్తులూ నా దగ్గరికే వచ్చేవి. అప్పట్లో ఏ కాగితం రాసినా చివర రాసినవాళ్ల పేరు పెట్టేవాళ్లు. పొలం కాగితమైనా, పంచాయితీ కాగితమైనా, కింద సాక్షుల పేర్ల తర్వాత "దస్తూరి" అని రాసి, ఆ చేతిరాత ఎవరిదో వాళ్ల పేరు. కాగితంలో తప్పుంటే ముందు దస్తూరి రాసినవాణ్నే పిలుస్తారు. నాకు పన్నెండేళ్లు. పెద్దమనుషుల పేర్ల పక్కన నా పేరు చూసుకోవడం ఎంత గొప్పగా ఉండేదో! రాయమన్నా రాయమనకపోయినా ప్రతి కాగితం కింద "దస్తూరి: వీరమణి" అని వంపులు తిప్పి రాసేదాన్ని. నాయిన చూసి మురిసిపోయేవాడు. "నా బిడ్డ పేరు సర్కారు దాంక పోతది" అనేవాడు. పోయింది మరి.

గట్టు నుంచి తిమ్మప్ప అనే రైతు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొడుగ్గా, నల్లగా, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. ఆయన తండ్రికి ఒక దొర వేటలో సాయం చేసినందుకు గొళ్లెం బందూకు ఇచ్చిపోయాడు. వేరుశనగ చేలో అడవిపందులు పడకుండా దాన్ని ఉంచుకున్నారు. నిజాం కాలం నాటి ఉర్దూ లైసెన్సులన్నీ కొత్త పుస్తకాల్లోకి మార్చుకోవాలని హుకుం వచ్చింది. గడువు తీరిన లైసెన్సుతో బందూకు బస్సులో తేకూడదని తిమ్మప్ప కాగితం ఒక్కటే తెచ్చాడు. "మోనయ్యా, నీ బిడ్డ మస్తు రాస్తదంట గద, జర రాయించు" అన్నాడు. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఉర్దూ కాగితం మీద బందూకు నంబరు నాలుగంకెలు. మొదటిదీ చివరిదీ నాకు తెలియని వంకర అంకెలు. పక్క వీధిలో ఉర్దూ సారు ఉండేవాడు. ఆ రెండూ పలక మీద దించుకుని పరుగెత్తి పోయి అడిగి వచ్చాను. నాలుగు, ఆరు అని చెప్పాడు. మధ్య రెండూ నాకు తెలిసినవే కాబట్టి అడగలేదు. దరఖాస్తులో ఇంగ్లిషులో 4016 అని దింపి, కింద దస్తూరి పెట్టి, ఇంకు ఆరేదాకా ఊదాను. తిమ్మప్ప నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "చల్లగుండు తల్లీ" అన్నాడు.

కొత్త లైసెన్సు పుస్తకం వచ్చింది. ఆ ధైర్యంతో తిమ్మప్ప బందూకును మా దుకాణానికి తెచ్చాడు. కుందా మొత్తం చెదలు. అక్రోటు చెక్క, లోపల గుల్ల, వేలు పెడితే పొడి రాలింది. నాయిన దాన్ని ఊడదీసి అటక మీద పెట్టి, జిట్రేగి దుంగ తెప్పించి రెండు నెలలు చెక్కాడు. గొట్టం చివరిదాకా పోయే చెక్క అది. ఎక్కడా అతుకు లేకుండా ఒక్క దుంగలో తీయాలి. ఆ రెండు నెలలూ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా నాయిన "ఊఁ" అనడమే. అయిపోయిన రోజు కుందాను చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ మర్నాడే మరమ్మతు దుకాణాల తనిఖీ అని ఒక అధికారి వచ్చాడు. పుస్తకం తెరిచి నంబరు చదివాడు, బందూకు తిప్పి ఇనుము మీద నంబరు చదివాడు. మళ్లీ పుస్తకం చదివాడు. ఇనుము మీద 4516 అని ఉంది.

"ఇది ఆ బందూకు కాదు. నలభై పదహారు ఏడున్నది?" అన్నాడు.

"సారూ, తిమ్మప్ప పటేలు తెచ్చింది ఇదే. నా చేతులతోటి కుందా పెట్టిన" అన్నాడు నాయిన.

"అదే అంటున్న. చెక్క కొత్తది, నంబరు వేరే. అసలుది అమ్ముకొని, ఏదో పాత ఇనుముకు కొత్త కట్టె తొడిగినవు."

నేను బడి సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాయిన నా వైపు చూడనైనా చూడలేదు. పాత ఉర్దూ కాగితం ఏదని అడిగారు. దరఖాస్తు అయ్యాక తిమ్మప్ప దాన్ని నాయిన దగ్గరే వదిలి పోయాడు. బల్ల సొరుగులన్నీ తిరగేశారు, దొరకలేదు. నాయిననూ బందూకునూ జీపెక్కించారు. మూడు రోజులు ఠాణాలో ఉంచుకుని వదిలేశారు. కేసు నిలబడలేదు, ఎందుకంటే బందూకు పోయిందని ఫిర్యాదు చేసినవాడు లేడు. తిమ్మప్ప, "నాది ఇదే, నేను గుర్తు పడ్త" అన్నాడు, కానీ ఆయన మాట ఎవరు పట్టించుకున్నారు? తర్వాత ఉర్దూ కాగితం కోసం మళ్లీ అడిగితే నాయిన, "చెదలు తిన్నయి సారూ" అన్నాడు. బందూకు సర్కారుకు జమైపోయింది. కొన్నేళ్లకు దాన్ని ముక్కలు కోసి కరిగించారని విన్నాం. నాయిన మరమ్మతు లైసెన్సు రద్దయింది.

ఆ తర్వాత మా ఇంట్లో అవిసె నూనె కాగలేదు. నాయిన పొద్దున మొదటి బస్సుకు కొత్తకోట పోయి, రోడ్డు పక్క షెడ్లలో లారీ తొట్లకు చెక్కలు కొట్టే పనిలో కుదిరాడు. అరచేత్తో చెక్క తాగిందో లేదో చూసే మనిషి, లారీకి మేకులు కొట్టి సాయంత్రం గ్రీజు వాసనతో వచ్చేవాడు. వాడలో మాట మారిపోయింది. "మోనయ్య అసలు బందూకు అడవిలో అమ్ముకున్నడంట" అని నల్లా దగ్గర అమ్మ వినేట్టుగానే అనుకునేవాళ్లు. అమ్మ రెండు బిందెలూ నింపుకుని వచ్చేసేది. ఇంటికొచ్చి బిందెలు దించిన చప్పుడుకు మాకు అర్థమయ్యేది. ఏ శుభకార్యానికి పోయినా మా పక్కన విస్తరి ఖాళీగా ఉండేది. ఇవన్నీ నేను చూస్తూ పెరిగాను, తప్పు ఎవరిదో తెలియకుండా.

ఒక ఆదివారం నాయిన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "మణీ, ఇది కంపెనోళ్ల తప్పు బిడ్డా. ఆళ్లే నంబరు తప్పు గొట్టి ఉంటరు. నువ్వు ఇంగ్లీసుల ఉత్తరం రాయి. నలభై పదహారు అనేది ఏ రకం, యాడికి పంపినరు, నలభై ఐదు పదహారు ఏ రకం, యాడికి పంపినరు అని అడుగు" అన్నాడు. కుందా ఊడదీసినప్పుడు ఇనుము మీద చూసిన కంపెనీ పేరును ఆయన బొమ్మ గీసినట్టు కాగితం మీద గీసి ఉంచుకున్నాడు. ఊరి పేరు కోసం నేను బడి లైబ్రరీలో అట్లాసు తిరగేశాను. నా మొదటి ఇంగ్లిషు ఉత్తరం అది. ఆయన ఒక్కో వాక్యం తెలుగులో చెప్పడం, నేను నిఘంటువు చూసి రాయడం. అర్థం కాకపోయినా మొత్తం రెండుసార్లు చదివించుకుని తల ఊపేవాడు. ఏడాది తర్వాత జవాబు వచ్చింది. మా పాత పుస్తకాలు యుద్ధంలో కాలిపోయాయి, చింతిస్తున్నాం అని. నేను ఏడ్చేశాను. నాయిన మాత్రం ఆ కవరు మీది స్టాంపును వేలితో తడుముతూ, "చూసినవా, నీ ఉత్తరం ఎంత దూరం పోయి వచ్చిందో. ఇంకోటి రాయి" అన్నాడు. మ్యూజియాలకు రాశాను, బొంబాయిలో పాత బందూకుల వ్యాపారులకు రాశాను. నెలకో రెండు నెలలకో ఒక ఉత్తరం. ఆ ఉత్తరాలు రాసీ రాసీ నాకు ఇంగ్లిషు వచ్చింది. దాంతోనే ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగంలో చేరడానికి నాలుగు రోజుల ముందు, ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను, నేను నాయినను ఒక మాట అడిగాను. ఆ రోజు పొద్దున ఎవరో మా అమ్మతో, "దొంగ బందూకోని బిడ్డకు సర్కారు నౌకరీ ఎట్లొచ్చింది?" అన్నారట. పదేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను, ఎక్కడా ఒక్క ఆధారం లేదు. నా మనసులో పురుగు తొలచడం మొదలై అప్పటికే చాలా రోజులైంది. దుకాణంలో నాయిన ఒంటరిగా రంపానికి పదును పెడుతున్నాడు. ఎదురుగా నిలబడి, "నిజం చెప్పు నాయినా, నేనేమీ అనుకోను. ఆ బందూకు నువ్వు అమ్మినవా?" అన్నాను. రంపం మీద ఆకురాయి ఆగిపోయింది. నాయిన తల ఎత్తి కాసేపు అటక వైపు చూశాడు. తర్వాత నన్ను చూసి, "ఇంకో ఉత్తరం రాద్దాం పట్టు బిడ్డా" అన్నాడు. అంతే. అవునూ అనలేదు, కాదూ అనలేదు. నేను అవుననే అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ మంచిగానే చూసుకున్నాను. మందులు తెచ్చాను, దవాఖానకు తిప్పాను. కానీ ఒక దొంగను క్షమించినదాని గర్వంతో చూసుకున్నాను. ఆ గర్వం ఆయనకు కనబడకుండా ఉంటుందా?

ఆయన పోయాక ఉత్తరాలు ఆపాల్సింది, ఆపలేకపోయాను. నాగర్‌కర్నూలులో బడి అయిపోయాక పిల్లల నోట్సులు దిద్ది, నా నోట్సు తీసేదాన్ని. మొదట్లో నాయిన తప్పు చేశాడనే అనుకుంటూ వెతికాను. తర్వాత తర్వాత చేయలేదని తేలితే బాగుండునని వెతికాను. కంప్యూటర్ వచ్చాక పని కొంచెం సులువైంది. ఈ పాత వేట రైఫిళ్ల మీద ప్రాణం పెట్టుకున్న మనుషులు ప్రపంచమంతా ఉన్నారు. ఎక్కడెక్కడో దొరికిన రైఫిళ్ల నంబర్లు, మీటలు, పిడి ఆకారం, గొట్టం మీది ముద్రలు రాసుకుని, కాలిపోయిన పుస్తకాలను తిరిగి కూర్చడానికి చూస్తుంటారు. వాళ్లకు నేను పాలమూరు నుంచి ఒక పంతులమ్మను. నాయిన చేత్తో తడిమి చెప్పిన వివరాలన్నీ రాసి పంపితే, "మీకు ఇవి ఎవరు చెప్పారు?" అని ఆశ్చర్యపోయారు. పోయిన ఏడాది వాళ్లలో ఒక పెద్దాయన రాశాడు. ఆ కంపెనీ సరుకు పంపిన చిట్టా ఒకటి ఎవరి ఇంట్లోనో బయటపడిందట. 4516 అనేది వేట రకం. మీటలు రెండు, పిడి చదును, చెక్క చివరిదాకా, బొంబాయికి వెళ్లింది. 4016 అనేది పొట్టి గొట్టం రకం, ఆఫ్రికాలో ఒకాయన అడిగి చేయించుకున్నది. ఇండియా ముఖమే చూడలేదు.

ఆ ఈమెయిల్ చదివి నేను కుర్చీలోంచి లేచి, ఒంటరి ఇంట్లో పైకే, "నాయినా, నువ్వు అమ్మలే!" అని అరిచాను. లేని బందూకును ఎవరు అమ్ముతారు? ఆనందం ఒక గంట ఉందేమో. తర్వాత టీచరు బుద్ధి లేచింది. అసలు ఈ దేశంలోనే లేని 4016 మన కాగితం మీదకు ఎట్లా వచ్చింది? ఇనుము మీద నంబరు కంపెనీవాళ్లు సరిగ్గానే కొట్టారు. ఇక తప్పు జరిగింది పాత ఉర్దూ కాగితంలోనా, లేక దాన్ని చూసి రాసిన చోటా? ఆ రెండో మాటను నేను మనసులో పూర్తి కానివ్వలేదు. కాగితాన్ని చెదలు తిన్నాయి కదా అని సరిపెట్టుకున్నాను. అదే ఈమెయిల్ చివర పెద్దాయన ఇంకో ముక్క రాశాడు. ఈ రకానికి కుందా వెనక ఉక్కు పట్టీలో చిన్న మూత ఉంటుంది, గొట్టం తుడిచే సువ్వ ముక్కలు అందులో దాచుకుంటారు, చాలామందికి ఆ మూత ఉన్నట్టే తెలియదు అని.

దుకాణం ఖాళీ చేసిన రోజు అటక మీద నుంచి ఆ చెదలు తిన్న పాత కుందా దిగింది. పొయ్యిలోకి కూడా పనికిరాదు, దాన్ని నాయిన బతికినన్నాళ్లూ ఎందుకు దాచాడో అనుకుంటూ దుమ్ము దులిపాను. వెనక ఉక్కు పట్టీ తుప్పు పట్టింది గానీ గట్టిగానే ఉంది. పెద్దాయన చెప్పిన చోట బొటనవేలితో నొక్కాను. మూత కదిలింది. లోపల సువ్వ లేదు. మైనం గుడ్డలో చుట్టిన కాగితం ఉంది. ముద్రతో సహా, ఒక్క చెద కూడా అంటకుండా, తిమ్మప్ప తెచ్చిన ఉర్దూ లైసెన్సు. నంబరు చూశాను. ఇప్పుడు నాకు ఉర్దూ అంకెలు వచ్చు, ఈ వెతుకులాటలోనే నేర్చుకున్నాను. ఉర్దూలో సున్నా అంటే ఉత్త చుక్క. గుండ్రంగా, కింద కొద్దిగా నొక్కినట్టు ఉండేది ఐదు. రాసినవాడు తొందరలో రాస్తే ఆ నొక్కు కనబడదు, అచ్చం మా బడి సున్నాలాగానే ఉంటుంది. కాగితం మీద నాలుగు, ఐదు, ఒకటి, ఆరు. నాకు తెలియని రెండంకెల కోసం పలక పట్టుకుని పరుగెత్తాను. తెలుసనుకున్న దాన్ని అడగలేదు. దస్తూరి: వీరమణి.

అక్కడే రంపపు పొట్టులో కూలబడ్డాను. సైకిళ్ల కొట్టాయన, "ఏమైంది పంతులమ్మా, పానం బాగలేదా?" అని నీళ్లు తెచ్చిచ్చాడు. ఈ కాగితం ఆ రోజు తీసి చూపిస్తే నాయిన నిమిషంలో బయటపడేవాడు. ఎందుకు చూపలేదు? నాకు నాయిన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు ఆ కుందాను గుడ్డలో చుట్టుకుని గద్వాల పోయి, అక్కడి నుంచి గట్టు బస్సెక్కాను. తిమ్మప్ప ఎప్పుడో పోయాడు. ఆయన భార్య ఈరమ్మ ఉందని తెలుసు. తొంభైకి దగ్గర పడింది, చూపు ఆనడం లేదు, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. అరుగు మీద కూర్చుని కందులు చేత్తో తడుముతూ రాళ్లు ఏరుతోంది. మోనయ్య బిడ్డనని చెప్పగానే చేట పక్కన పెట్టింది.

"దస్తూరి పొల్లవా?" అంది.

"నీకెట్ల తెల్సు అవ్వా?"

"తెల్వకేంది! ఠాణాల నుంచి ఇడిసిపెట్టిన తెల్లారే మీ నాయిన ఈడికొచ్చిండు. గా మెట్టు మీదనే కూసున్నడు. ఇంటికి పోయినంక కాయితం దొరికిందంట, ఉర్దూ సారుకు జూపిచ్చిండంట. పటేలా, పొల్ల ఐదుకు సున్న పెట్టింది, కింద దస్తూరి అని పేరు గూడ రాసుకున్నది అన్నడు. గప్పుడు మా దిక్కు పొలం కాయితం తప్పు రాసిండని దస్తూరి రాసినోన్ని పట్కపోయి జైల్ల వెట్టిండ్రు. మీ నాయినకు అదే బుగులు. ఆడపిల్లను ఠాణా మెట్టు ఎక్కిస్తనా పటేలా, నీ బందూకు పోయింది, నా లైసెన్సు పోయింది, పొల్ల పేరు పోనియ్య, నువ్వు ఎవ్వలకు జెప్పకు అని మా ఆయన చేతుల చెయ్యి ఏయించుకున్నడు."

"పన్నెండేండ్ల పిల్లను ఎవరు పట్కపోతరు అవ్వా! తప్పు రాసిందని నవ్వి దిద్దుకుంటుండ్రి!" అని అరిచాను. నిజంగానే అరిచాను. లోపలి నుంచి ఆమె కోడలు తొంగి చూసింది.

"గది మీకు ఇప్పుడు ఎరుక. మాకు గప్పుడు ఏమెరుక తల్లీ? మీ నాయినకు ఏమెరుక?" అంది ఈరమ్మ, చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ.

అదీ నిజమే. ఇప్పుడు ఫోన్‌తో ఫొటో తీస్తే ఏ భాష అంకెనైనా అదే చదివి చెబుతుంది. తప్పు పడితే మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటాం, ఎవడి పేరూ కింద ఉండదు. అప్పుడు ముద్ర ఉన్న కాగితమంటే వణుకు. ఆ వణుకులో ఒక మనిషి తన చేతిపని మొత్తం వదిలేసుకుని లారీలకు మేకులు కొట్టుకున్నాడు. అవసరమే లేని త్యాగం. దానికి చేతులెత్తి దండం పెట్టాలో, తల బాదుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. నేను చేసిన తప్పు ఒక్క గుండ్రం గీతే కావచ్చు. కానీ దాన్ని దిద్దే వీలు నాకు ఎవరూ ఇవ్వలేదు.

"మరి ఆ కాయితం కాలవెట్టకుండ ఎందుకు దాచిండు?" అన్నాను, గొంతు తగ్గించి.

"కాలవెడ్తనన్నడు. మా ఆయనే వద్దన్నడు. పిల్ల పెద్దగై నౌకరీ అయినంక అక్కరకొస్తది, గప్పుడు చూపియ్యి అన్నడు. సరే పటేలా, నౌకరీ అయినంక చెప్తనన్నడు. చెప్పలేదా మరి?"

ఆమె కాసేపు కందుల్లో వేళ్లు ఆడించి, ఏదో గుర్తొచ్చి బోసినోటితో నవ్వింది. "నువ్వు కంపెనోళ్లకు ఉత్తరాలు రాస్తుంటివంట గద. ఎందుకు మోనయ్యా ఉత్తుత్తగ పొల్లను పరేషాన్ జేస్తవు అని మా ఆయన అడిగిండు. తప్పు యాడిదో దొరకదు పటేలా, పొల్లకు ఇంగ్లీసన్న దొరుకుతది, రాయనీ అనెటోడు."

గట్టు నుంచి తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన ఆ కుందాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను యాభై ఏళ్లు ప్రపంచమంతా ఉత్తరాలు రాసి వెతికింది, మా దుకాణం అటక మీద ఉండింది. వెతికించినవాడికి అది తెలుసు. ఇక నేను ఎవరికి ఉత్తరం రాయాలి? నౌకరీ అయ్యాక చెబుతానన్నాడట. నౌకరీలో చేరడానికి నాలుగు రోజుల ముందు, ఆయన ఎదురుగా నిలబడి, ఆ బందూకు నువ్వు అమ్మినవా అని అడిగాను. ఆ రోజు ఆయన ఆకురాయి ఆపి తల ఎత్తి చూశాడే, నేను నా తీర్పు చెప్పుకుంటూ నిలబడి ఉన్నాను గానీ, ఆయన అటక మీద దేన్ని చూస్తున్నాడో వెనక్కి తిరిగి చూడలేదు.